పాపభీతి, ఆలకింపు: రేనాటి శాపవాక్యం నుండి మనోచికిత్స దాకా ఒక చారిత్రక పరిశీలన

సంగ్రహం:
కడప జిల్లా కలమల్ల శాసనాన్ని తెలుగు భాషాచరిత్రకు తొలి ఆధారంగా చదువుతున్నాం. అందులోని మహాపాతక ప్రస్తావనను మాత్రం పరిపాటి వాక్యంగా భావించి దాటిపోతున్నాం. పాపభీతికి తెలుగు మాటల్లో మిగిలిన తొలి జాడల్లో ఒకటిగా దాన్ని స్వీకరించి, ఆ భీతి ఎవరిని ఉద్దేశించి పుట్టింది, తరవాత ఎవరి మీదికి మళ్ళింది, దాని నుండి మనుషులను విడిపించడానికి తెలుగు సాహిత్యం ఏ మార్గాలు చూపింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధిక్కారం, బోధ, ఆలకింపు అన్న మూడు మార్గాలను గుర్తించి, ఆధునిక మనోచికిత్సకు మూడవదే దగ్గరి చుట్టమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కలమల్ల శాసనం, పంచమహాపాతకాలు, ప్రాయశ్చిత్తం, వేమన, వీరబ్రహ్మం, గబ్బిలం, మతపరమైన మానసికాఘాతం, మనోచికిత్స.

1. ఉపోద్ఘాతం

మతం కోట్ల మందికి ఆశ్రయం. దాని పేరుతో కలిగిన భయం, అవమానం, వెలి కొందరి మనసులో జీవితాంతం మానని గాయంగా మిగిలిపోవడమూ వాస్తవమే. పాపం చేశానన్న భయంతో నిద్రకు దూరమైనవారు, గుడి గడప దగ్గర ఆగిపోయిన బాల్యాన్ని మరవలేనివారు, తమ కష్టానికి పూర్వజన్మ కర్మే కారణమని చిన్ననాటి నుండి విన్నవారు మన సమాజంలో అరుదు కాదు. ఈ స్థితిని మనోవైజ్ఞానికులు మతపరమైన మానసికాఘాతం అంటున్నారు. అమెరికా మనోవైజ్ఞానికురాలు మార్లిన్ వినెల్ 1993లో తన గ్రంథంలో ఈ విషయాన్ని చర్చించి, 2011లో దీనికి 'రిలిజియస్ ట్రామా సిండ్రోమ్' అన్న పేరు పెట్టారు. ఆమె పరిశీలించినవారిలో ఎక్కువ మంది ఛాందస క్రైస్తవ కుటుంబాలలో పెరిగినవారు. అధికారిక రోగ వర్గీకరణలలో ఈ పేరుకు ఇంకా స్థానం లేదు. అయితే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994లో వెలువరించిన వర్గీకరణ మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యలను చికిత్సకుడు శ్రద్ధ పెట్టవలసిన అంశంగా గుర్తించింది. వాటిని రోగంగా మాత్రం పరిగణించలేదు.

పేరు కొత్తదే గాని స్థితి కొత్తది కాదు. తెలుగులో దీనికి ఒకే పారిభాషిక పదం లేకపోయినా పాపభీతి, శాపం, మైల, అంటు, వెలి, కర్మ అన్న పదజాలం మన భాషలో ఎప్పటి నుండో ఉంది. సాహిత్య పరిశోధకులకు ఇది రెండు విధాల పట్టించుకోవలసిన సంగతి. ఆ పదాల చరిత్ర శాసనాలలో, ధర్మశాస్త్రానువాదాలలో, శతకాలలో, కావ్యాలలో ఉంది కనుక దానిని చదివి చెప్పవలసిన బాధ్యత మనది. మనోచికిత్సకు తెలుగులో మాటలు కావలసి వచ్చినప్పుడు వాటిని అందించవలసిందీ మనమే. తన బాధను తన భాషలో చెప్పుకోలేని మనిషికి ఏ చికిత్సా పూర్తిగా అందదు.

రేనాడును కేంద్రంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. నేటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కమలాపురం ప్రాంతాలను కలుపుకొన్న ఈ నేల తొలి తెలుగు శాసనాలకు పుట్టినిల్లు. కడప సీమ వేమన పద్యం ఇంటింటా పలికే చోటు, వీరబ్రహ్మం సమాధి ఉన్న చోటు కూడా. పాపభీతికి రాతిమీద మిగిలిన సాక్ష్యమూ, ఆ భీతిని ప్రశ్నించిన గొంతులూ ఇక్కడ ఒకే పరిధిలో కనిపిస్తాయి.

2. కలమల్ల శాసనం: శాపం ఎవరికి?

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమల్లలో చెన్నకేశవ, సిద్ధేశ్వరాలయ ప్రాంగణంలో లభించిన శాసనం రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. తేదీ లేని ఈ శాసనాన్ని లిపి ఆధారంగా క్రీ.శ. 575 ప్రాంతానిదిగా నిర్ణయించారు. కె.ఎ. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య దీనిని ఇతర రేనాటి శాసనాలతో పాటు ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన సందర్భంలోనూ, ఆ తరవాతా కలమల్ల పేరు విస్తృతంగా వినిపించింది.

భాషాశాస్త్రజ్ఞులు ఇందులోని విభక్తి ప్రత్యయాలను, క్రియారూపాలను, అక్షర స్వరూపాన్ని వివరంగా పరిశీలించారు. శిథిలమైన చివరి పంక్తులలో మహాపాతకాన్ని సూచించే మాట మిగిలి ఉన్న సంగతిపై అంత చర్చ జరగలేదు. కలమల్లకు చేరువలోని ఎర్రగుడిపాడు శాసనంలో ఈ భావం మరింత స్పష్టంగా ఉంది. ఒక పాఱకు ఇచ్చిన పన్నసను, దానికి నిలిచిన సాక్షులను పేర్కొన్న తరవాత, ఆ దానానికి అడ్డు తగిలినవాడు పంచమహాపాతకుడవుతాడన్న హెచ్చరికతో ఆ శాసనం ముగుస్తుంది. అంటే లభించిన తొలి తెలుగు శాసనాల నాటికే పాపాన్ని పేర్కొని హెచ్చరించే పద్ధతి మన భాషలో స్థిరపడి ఉంది.

ధర్మశాస్త్రం చెప్పిన పంచమహాపాతకాలు బ్రహ్మహత్య, సురాపానం, స్వర్ణస్తేయం, గురుతల్పగమనం, ఈ నాలుగూ చేసినవారితో సహవాసం. దానభూమిని కాజేయడం ఈ జాబితాలో లేదు. శాసనం దానిని వాటితో సమానం చేస్తుంది. రాజు మరణించిన తరవాత, వంశం మారిన తరవాత, సాక్షులు కూడా పోయిన తరవాత దానాన్ని కాపాడే న్యాయస్థానం లేదు. కనిపించని లోకంలో పడే శిక్ష ఒక్కటే కాలాన్ని దాటి నిలవగలదు. ఆ శిక్షను రాతిమీద చెక్కించడం ఆనాటి పాలనలో ఒక ఉపాయం.

తరవాతి శతాబ్దాలలో శాపవాక్యం పెరుగుతూ వచ్చింది. దత్తభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడన్న సంస్కృత శ్లోకం దక్షిణాపథమంతటా శాసనాలకు చివరి భాగమైపోయింది. గంగ ఒడ్డున గోవును చంపిన పాపం, కాశీలో తల్లిదండ్రులను చంపిన పాపం అన్న మాటలు తెలుగు శాసనాలలో పదే పదే వస్తాయి. మధ్యయుగం చివరి నాటి దక్కను దానపత్రాలు కొన్నింటిలో హిందువులకు ఒక శాపం, ముసల్మానులకు మరొక శాపం వేరు వేరుగా కనిపిస్తాయి. వినేవాని విశ్వాసాన్ని బట్టి భయాన్ని మలచడం లేఖకులకు తెలుసునన్నమాట.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, శాపం ఇంతగా పెరగవలసి వచ్చిందంటే దానాల ఉల్లంఘన కూడా జరుగుతూనే ఉందని అనుమానించవచ్చు. అందరూ భయపడే పాపానికి అంత వివరణ అక్కరలేదు. రెండవది ఈ వ్యాసానికి ముఖ్యమైనది. శాపవాక్యం ఉద్దేశించింది రాబోయే రాజును, అధికారిని, భూమిని ఆక్రమించే బలం గలవానిని. భూమి లేనివాడు దానభూమిని హరించలేడు. రేనాటి శాసనంలో పాపభీతి బలవంతుని చేతికి వేసిన కట్టు. అది బలహీనుని గుండెలో దిగిన ముల్లుగా ఎలా మారిందన్నది తరవాతి ప్రశ్న.

3. రాతి నుండి ఇంటికి

ఈ మార్పు ఒక తేదీన జరిగింది కాదు. రెండు ధోరణులూ చాలాకాలం పక్కపక్కనే సాగాయి. అయినా కొన్ని మజిలీలను గుర్తించవచ్చు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరిని అనుసరించి విజ్ఞానేశ్వరీయం రచించాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా సాగే ఆ గ్రంథం వల్ల పాపాల పట్టిక, వాటి పరిహారాల పట్టిక తెలుగు పద్యంలోకి వచ్చాయి. శాసనంలో ఒక్క నేరానికి పరిమితమైన పాపం ఇక్కడ తిండికి, తాకుడుకు, చూపుకు, మాటకు వ్యాపించింది.

ప్రాయశ్చిత్త విధానాన్ని భయపెట్టే సాధనంగా మాత్రమే చూడడం న్యాయం కాదు. పాపాన్ని బయటికి చెప్పుకోవడం, పశ్చాత్తాపపడడం పాపాన్ని తేలిక చేస్తాయని మనుస్మృతి పదకొండవ అధ్యాయం అంటుంది. చెప్పుకోవడాన్ని అక్కడ ఖ్యాపనం అన్నారు. నోరు విప్పి చెప్పుకుంటే భారం తగ్గుతుందన్న ఎరుక మన ధర్మశాస్త్రాలలోనే ఉందన్నమాట. కాని ఆ చెప్పుకోలుకు ఒక షరతు ఉంది. చెప్పేవాడు ముందే దోషి. వినేవారు తీర్పరులు. పరిహారం ముగిసినా ఏది పాపమో నిర్ణయించే అధికారం వినేవారి దగ్గరే మిగులుతుంది. చెప్పుకున్న మనిషి తాను నిజంగా తప్పు చేశానా అని అడిగే వీలు ఆ విధానంలో లేదు.

ఈ అధికారం ఎలా పనిచేసిందో ఆధునిక యుగారంభంలో రాజమహేంద్రవరం చూసింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ వివాహంతో సంబంధం ఉన్నవారికి పీఠాధిపతుల బహిష్కార పత్రికలు ఎదురయ్యాయి. ఆయనతో నిలిచినవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేసుకొని మళ్ళీ కులంలో కలిశారు. వీరేశలింగం స్వీయచరిత్రలో ఈ ఘట్టాన్ని సంస్కర్త ధైర్యానికి నిదర్శనంగా చదవడం అలవాటు. వెలి భయంతో వెనక్కి వెళ్ళినవారి మనఃస్థితికి కూడా అది చారిత్రక సాక్ష్యమే. వారిని పిరికివారని తోసిపుచ్చితే వెలి అనేది మనిషికి ఏం చేస్తుందో అర్థం కాదు. నీరు, నిప్పు, పెళ్ళిసంబంధం, చావుకు మోసేవారు అన్నీ ఒక్కసారిగా ఆగిపోవడం దాని అర్థం.

రాయలసీమలోని కొన్ని ప్రాంతాలలో బసివి వ్యవస్థ, తెలంగాణలో జోగిని వ్యవస్థ మరొక మజిలీ. ఊరికి అరిష్టం వస్తుందన్న భయం, దేవతకు ఇచ్చిన మొక్కు అన్న మాట ఒక దళిత బాలిక జీవితాన్ని నిర్ణయించాయి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో అంకితాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేసిన హేమలతా లవణం వారికి వసతి, ఉపాధి, వివాహం, పిల్లల చదువు సమకూర్చడంపై శ్రద్ధ పెట్టారు. ఆచారాన్ని నిషేధించడం చట్టంతో అయ్యే పని. తనను దేవత కోరుకుందని, కాదంటే కుటుంబం నాశనమవుతుందని నమ్మించబడిన స్త్రీ మనసు కుదుటపడడానికి మరొక రకమైన తోడు కావాలని ఆమె కృషి తెలియజేస్తుంది.

ఇక ఇంటి భాష. దేవుని పటానికి కాలు తగిలిన పిల్లవాడికి కళ్ళు పోతాయని చెప్పి, లెంపలు వేసుకోమనడం తెలుగు ఇళ్ళలో సాధారణం. చాలామందికి అది మురిపెంగా గుర్తుండే అలవాటు. కాని వాక్య నిర్మాణాన్ని చూస్తే ఇది శాసన శాపానికి చిన్న రూపమే: చేసిన పని, దానికి తగని ఘోరమైన ఫలం, వెంటనే చేయవలసిన పరిహారం. రాతిమీది శాపం రాబోయే రాజును బెదిరించింది. ఇంటిలోని శాపం ఎదురు చెప్పలేని పసివాణ్ణి బెదిరిస్తుంది. ముట్టు, వైధవ్యం, కులం, రోగం వంటివి దీనికి తోడైనప్పుడు ఆ చిన్న మాటే పెద్ద గాయానికి పునాది కాగలదు. నరకభయం ఏ ఒక్క మతానికో చెందినది కాదు. చర్చి బోధలోనూ మసీదు బోధలోనూ దానికి తనవైన రూపాలు ఉన్నాయి.

4. ధిక్కార మార్గం: వేమన

పాపభీతికి తెలుగు సాహిత్యం ఇచ్చిన అత్యంత ప్రసిద్ధమైన సమాధానం వేమనది. ఆయన కాలం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. రాయలసీమతో ఆయన అనుబంధం, కటారుపల్లిలో సమాధి గురించిన సంప్రదాయం సుప్రసిద్ధం. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. నేడు కడపలోని విశ్వవిద్యాలయం యోగి వేమన పేరుతోనే ఉంది.

తీర్థయాత్రలు, విగ్రహార్చన, తల బోడి చేసుకోవడం, మడి, కులగర్వం వంటి వాటిని వేమన పద్యాలు నిలదీస్తాయి. వాటి బలం హాస్యంలో ఉంది. భయపెట్టేదానిని చూసి నవ్వగలగడం భయం నుండి విడుదలకు తొలి మెట్టు. నాలుగు పాదాలలో ముగిసే పద్యం చదువురానివారి నాలుక మీద కూడా నిలుస్తుంది. అవమానం ఎదురైన క్షణంలో మనిషి దానిని కవచంలా వాడుకోగలడు. ఈ దృష్టితో వేమనను ప్రజావైద్యుడుగా కీర్తించేవారున్నారు.

ఆ కీర్తిలో నిజం ఉంది, పరిమితి కూడా ఉంది. వేమన పద్యంలో నిలదీయబడేవాడు కనిపిస్తాడు, గాయపడినవాడు అంతగా కనిపించడు. ఆచారాన్ని నమ్మినవాడిని కూడా పద్యం మూర్ఖుడంటుంది. పాపభీతితో కుంగిన మనిషికి తన భయం అర్థరహితమని వాదంతో తెలియడం ఒక సంగతి, ఆ భయం శరీరాన్ని విడిచిపోవడం మరొక సంగతి. బుద్ధి ఒప్పుకున్నా గుండె దడ ఆగకపోవడం ఈ స్థితి లక్షణం. అలాంటివారికి ధిక్కారం వల్ల ఒక్కొక్కసారి కొత్త సిగ్గు తోడవుతుంది: ఇంత తెలిసీ ఇంకా భయపడుతున్నానే అన్న సిగ్గు. కనుక వేమన మార్గాన్ని విముక్తి అనవచ్చు. స్వస్థత అనడానికి అది ఒక్కటే చాలదు.

5. బోధ మార్గం: వీరబ్రహ్మం సంప్రదాయం

కందిమల్లాయపల్లెలో, అంటే నేటి బ్రహ్మంగారి మఠంలో, జీవసమాధి పొందినట్లు చెప్పే పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం రెండవ మార్గాన్ని చూపుతుంది. ఇక్కడ ప్రధానమైనది గురుశిష్య సంభాషణ. దూదేకుల కులానికి చెందిన సిద్ధయ్య ఆయన ముఖ్యశిష్యుడు. మతం విడిచాడని సిద్ధయ్య కుటుంబం కడప నవాబుకు ఫిర్యాదు చేయడం, నవాబు అతణ్ణి పరీక్షించడం కథాసంప్రదాయంలో ప్రసిద్ధ ఘట్టం. విశ్వాసం మారినప్పుడు కుటుంబం పడే వేదన, పాలకుని జోక్యం రెండూ ఆ కథలో ఉన్నాయి. జన్మతో వచ్చిన అంటును గురువు సాన్నిధ్యం తుడిచివేస్తుందన్న నమ్మకం ఎందరికో ఊరట ఇచ్చింది.

అయితే ఈ సంప్రదాయంలోనే కక్కయ్య కథ ఉంది. శరీరంలోని చక్రాలలో దేవతలుంటారని గురువు సిద్ధయ్యకు చెబుతుండగా మాదిగ కులస్థుడైన కక్కయ్య చాటున విన్నాడు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లుగా నమ్మి, ఇంటికి వెళ్ళి నిద్రిస్తున్న భార్య శరీరాన్ని కోసి దేవతల కోసం వెదికాడు. ఏమీ కనిపించక గురువును నిలదీశాడు. గురువు వచ్చి ఆమెను బతికించి, అతనికి తత్త్వం బోధించాడు. ఈ కథను గురువు మహిమకు, కులాతీత శిష్యత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటారు.

కథను ఆ స్త్రీ వైపు నుండి చదివితే మరొక అర్థం వస్తుంది. బోధను ఎదురుగా కూర్చుని వినే చోటు కక్కయ్యకు లేదు. చాటుగా విన్నదాని వల్ల పుట్టిన హింస భార్య మీద పడింది. బతికిన తరవాత ఆమె ఏమనుకున్నదో వాడుకలోని కథనం పట్టించుకోదు. శరీరం అతుక్కున్నంత మాత్రాన ఆ రాత్రి ఆమె మనసులో నుండి పోయిందా? మతం పేరిట జరిగిన హింసకు గురైన మనిషి కోలుకోవడాన్ని మహిమతో ముగించిన చోట, మిగిలిన భాగాన్ని విమర్శకుడు ప్రశ్నగానైనా నిలపాలి.

కాలజ్ఞానానికి కూడా రెండు ముఖాలున్నాయి. అన్యాయం చేసేవారికి పతనం తప్పదని అది పీడితులకు చెప్పింది. ప్రళయ సూచనలతో భయాన్నీ పంచింది. విపత్తు వచ్చినప్పుడల్లా బ్రహ్మంగారు ముందే చెప్పారన్న మాట పుడుతుంది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వేళ దేశమంతటా ప్రళయభీతి వ్యాపించి హోమాలు జరిగాయి. తెలుగునాడూ దానికి మినహాయింపు కాదు. బోధ భయాన్ని తీర్చగలదు, భయాన్ని పుట్టించనూ గలదు. రెండు సందర్భాలలోనూ శిష్యుడు వినేవాడే. చెప్పే అధికారం గురువుది.

6. ఆలకింపు: గబ్బిలం

మూడవ మార్గానికి సాహిత్యంలో ఉదాహరణ రేనాటిలో గాక పల్నాటి సీమకు చెందిన కవి దగ్గర దొరుకుతుంది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 1941లో గబ్బిలం తొలి భాగం ప్రచురించారు. తంజావూరులోని ఒక అరుంధతీ సుతుడు తన వేదనను కాశీ విశ్వేశ్వరునికి నివేదించమని గబ్బిలాన్ని కోరడం ఆ కావ్య వస్తువు. మేఘసందేశానికి ప్రతిరూపంగా, కులవ్యవస్థపై తిరుగుబాటుగా దీనిపై విస్తారమైన పరిశోధన జరిగింది. ఇక్కడ చూడవలసింది వినేవారి ఎంపిక.

మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు. అది పక్షిగాని పక్షి, అపశకునమని లోకం తరిమేది. తనలాగే వెలికి గురైన ప్రాణి ముందు మాత్రమే కథానాయకుడు నోరు విప్పగలిగాడు. గబ్బిలం అతనికి ప్రాయశ్చిత్తం విధించదు, తత్త్వం బోధించదు, వాదించదు. అది వింటుంది. అతడు దేవుణ్ణి వదులుకోలేదు కూడా. తనకు జరిగినదాన్ని ఆ దేవునికే చేరవేయమంటాడు. మతం చేసిన గాయాన్ని చెప్పుకోవడానికి మతాన్ని విడిచిపెట్టడం తప్పనిసరి కాదని, చెప్పుకునేవాడు తన కథకు తానే యజమాని కావడం ముఖ్యమని ఈ నిర్మాణం తెలుపుతుంది.

మాటలు రాని ప్రాణిని శ్రోతగా ఎంచుకోవలసి రావడం ఆనాటి మానవ సమాజం మీద కావ్యం మోపిన అభియోగం కూడా. వినడానికి మనిషి దొరకలేదు.

7. మనోచికిత్స: ఆలకింపుకు ఒక వ్యవస్థ

ఆధునిక మనోచికిత్స చేసే పని స్థూలంగా ఇదే. వినే మనిషిని, వినడానికి ఒక స్థలాన్ని, కాలాన్ని, గోప్యతను ఏర్పాటు చేయడం. మానసికాఘాతంపై జుడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథం కోలుకోవడంలో మూడు దశలను వివరించింది. మొదటిది భద్రత. రెండవది జరిగినదాన్ని గుర్తుచేసుకొని దుఃఖించడం. మూడవది మళ్ళీ మనుషులతో కలవడం. భద్రత లేనిదే కథ చెప్పించకూడదన్నది ఇందులో కీలకం. వెలి భయంలో ఉన్న మనిషికి తిండి, నీడ, తోడు ముందు కావాలి. జోగినులకు మొదట వసతి, ఉపాధి చూపించిన కృషికి ఈ క్రమంతో పోలిక ఉంది.

పాపభీతి వ్యసనంలా పట్టుకున్నవారికి చేసే చికిత్స వేరు. అపవిత్రమయ్యానన్న ఆలోచన, దాన్ని పోగొట్టుకోవడానికి మళ్ళీ మళ్ళీ స్నానం, జపం, క్షమాపణ: ఈ చక్రంలో చిక్కినవారు పరిహారం చేసిన ప్రతిసారీ కొద్దిసేపు తేలికపడతారు. ఆ తేలికపాటే తరవాతి భయాన్ని మరింత గట్టిపరుస్తుంది. 1966లో విక్టర్ మేయర్ ప్రకటించిన పద్ధతి నుండి ఎదిగిన చికిత్సలో, రోగి తన అంగీకారంతో, మెల్లమెల్లగా భయపడే సందర్భాన్ని ఎదుర్కొంటాడు. అప్పుడు పరిహార క్రియను ఆపి ఉంచుతాడు. అనుకున్న ఘోరం జరగకపోవడాన్ని, భయం తనంతట తానే తగ్గడాన్ని అనుభవంతో తెలుసుకుంటాడు. పాపం అబద్ధమని వాదించి ఒప్పించడం ఇక్కడ చికిత్సకుని పని కాదు. వాదంతో వేమన తాకలేని చోటును ఈ పద్ధతి అనుభవంతో తాకుతుంది. రోగి నిత్యపూజను మాన్పించడం కూడా దీని లక్ష్యం కాదు. భక్తితో చేసే పూజకు, భయం చేయించే పూజకు తేడాను అతడే గుర్తించగలగడం లక్ష్యం.

మనోచికిత్స వచ్చింది కనుక సంప్రదాయ స్వస్థతా స్థలాలన్నీ వ్యర్థమని చెప్పలేం. సుధీర్ కక్కర్ 1982లో వెలువరించిన గ్రంథంలో రాజస్థాన్‌లోని మెహందీపూర్ బాలాజీ ఆలయానికి వచ్చే బాధితులను పరిశీలించారు. కుటుంబమంతా కలిసి రావడం, బాధను నలుగురిలో వ్యక్తం చేసే వీలు ఉండడం అక్కడి బలాలుగా ఆయన చూపారు. గుడిలో, దర్గాలో, ప్రార్థన కూటమిలో సాంత్వన పొందినవారి అనుభవం నిజమైనది. ప్రమాదం కూడా నిజమైనదే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి 28 మంది మరణించారు. గొలుసులతో కట్టివేసి ఉండడం వల్ల వారు తప్పించుకోలేకపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. చికిత్సకు రోగి అంగీకారాన్ని హక్కుగా నిలబెట్టింది. శాసనం అన్న పదానికి రాతిమీది రాత అన్న అర్థంతో పాటు చట్టమన్న అర్థం కూడా ఉంది. రేనాటి శాసనం పాపంతో బెదిరించి భూమిని కాపాడింది. ఈ నాటి శాసనం హక్కును ప్రకటించి మనిషిని కాపాడవలసి ఉంది.

మనోచికిత్సకూ పరిమితులు ఉన్నాయి. గాయం ఒక్క మనిషి లోపల ఉన్నా దాని కారణం ఊరిలో, కులంలో ఉండవచ్చు. గుడి తలుపు మూసి ఉంచి, బయట నిలిచినవానికి కౌన్సెలింగ్ ఇవ్వడం స్వస్థత కాదు. ధిక్కారం అవసరం తీరిపోలేదు. భయాన్ని తయారుచేసే వ్యవస్థను ప్రశ్నించడానికి వేమన కావాలి, ఆ భయంతో ఇంటికి చేరిన మనిషి పక్కన కూర్చోవడానికి వినే మనిషి కావాలి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, రేనాటి శాసనాలలో పాపభీతి అధికారం గలవారిని నిలువరించే సాధనంగా కనిపిస్తుంది. అదే భాష ఆచారంగా, ఇంటి మాటగా మారినప్పుడు దాని బరువు స్త్రీల మీద, పిల్లల మీద, వెలివేయబడిన కులాల మీద పడింది. కనుక పాపభీతిని చర్చించేటప్పుడు అది ఎవరు ఎవరికి చెప్పిన మాట అని ముందుగా అడగాలి. రెండు, ధిక్కారాన్ని, బోధను స్వస్థతతో సమానం చేయకుండా వేమన, వీరబ్రహ్మం సంప్రదాయాలను వాటి వాటి పనులను బట్టి అంచనా వేయాలి. మూడు, ఆలకింపు అన్న కోణం నుండి తెలుగు ఆత్మకథలను, స్త్రీల పాటలను, దళిత కథనాలను తిరిగి చదవవలసిన అవసరం ఉంది. ఎవరు చెప్పుకున్నారు అన్నదానితో పాటు వారి మాట ఎవరు విన్నారు అన్నది కూడా పరిశోధనాంశం కావాలి.

మనోచికిత్సకు తెలుగు పదజాలం నిర్మించే పనిలో భాషాశాఖలు చేయి కలపడం ఈ దిశలో ఆచరణీయమైన మొదటి అడుగు. అందుకు కావలసిన ముడిసరుకు వాడుకలోనే ఉంది. కలమల్ల శిలపై శిథిలమైన పాతకం అన్న మాటకు చుట్టమైన పాపం అన్న మాటను తెలుగువారు నేటికీ రెండు విధాలుగా వాడుతున్నారు. చేసిన తప్పుకు అదే పేరు. ఎదుటివారి బాధను చూసి అప్రయత్నంగా నోట వెలువడే జాలికీ అదే పేరు. మొదటి అర్థం తీర్పరిది, రెండవది పక్కన నిలిచినవారిది. మతం చేసిన గాయంతో వచ్చిన మనిషికి ఆ మాట రెండవ అర్థంలో వినిపించగలిగితే చికిత్స మొదలైనట్లే.